కుట్టిన చెయ్యే ఊడదీయాలి

గుడ్డను చట్రం మీద నుంచి విప్పి, వరండాలో పరిచిన దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టారు. వెనకవైపు అస్తరు వేసి చుట్టూ కుట్టేస్తే పని అయిపోయినట్టే. మరుసటి రోజు పొద్దున దాన్ని నా కారులో పులివెందులకు చేర్చాలి. అందుకే నేను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగులో ఉన్న మా అక్క ఇంటికి వచ్చాను.

గుడ్డకు ఒక పక్క మా అక్క కూర్చుంది, ఇంకో పక్క ఆపా. ఆపా ఎదురింటి మనిషి. అక్కకు ఈ పని నేర్పింది ఆమే. వయసులో అక్క కంటే పెద్దది కాబట్టి అక్క ఆమెను ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది, అక్కను చూసి మేమంతా అలాగే పిలిచాం. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే చట్రానికి అటూ ఇటూ కూర్చుని పెండ్లి జాకెట్లకు, దుపట్టాలకు జరీ, పూసల పని చేస్తున్నారు. ఇప్పుడు చేసింది మాత్రం ఒంటికి తొడుక్కునేది కాదు. గోడకు వేలాడదీసే తెర. తలుపు కన్నా పెద్దది. దాని మీద కాయలతో వంగిన చీనీ చెట్టు, అంటే బత్తాయి చెట్టు, ఒకటి ఉంది. చెట్టులో ఎడమ సగం ఆపా కుట్టాలని, కుడి సగం అక్క కుట్టాలని మొదట్లోనే పంచుకున్నారు.

అస్తరు పరిచే ముందు గుడ్డ వెనకభాగాన్ని ఆపా అరచేత్తో నిమిరింది. పని ముగిసిన ప్రతిసారీ ఆమె అలా నిమురుతుంది. సగం దాకా వచ్చి చెయ్యి ఆగింది. వెనక్కు పోయింది. ఈసారి వేలికొసలతో మెల్లగా తడుముతూ వచ్చింది. వంగి చూసింది. గుడ్డ అంచు పట్టుకుని వరండా మెట్ల దగ్గరికి, వెలుతురులోకి లాగింది.

"తోకలు యాడ మే?" అంది.

"ఏం తోకలు?"

"ముడి తోకలు."

అక్క అస్తరు మడతలు సరిచేస్తూ తల ఎత్తలేదు. ఆపా ఇంకో చోట తడిమింది. ఇంకో కొమ్మ దగ్గర తడిమింది.

"ఇది నా పని గాదు."

"నీ పనే ఆపా. నువ్వు గాక ఇంగెవురు కుట్టినారు?"

"నా పని నాకు తెల్దా?"

నాకేమీ అర్థం కాలేదు. పని బాగుంది. ముందువైపు నుంచి నేను చూశాను, ఎక్కడా వంక లేదు. మరి దేనికి ఈ మాటలు అనుకున్నాను. ఆపా గుడ్డను వదిలేసి అక్క ముఖంలోకి చూస్తూ, గొంతు పెంచకుండా, "ఎప్పట్నుంచి ఊడదీస్తాండావు?" అని అడిగింది.

అక్క చేతిలోని అస్తరును కింద పెట్టింది. తర్వాత, "నువ్వు మజ్జాన్నం నమాజుకు పోయినప్పుడు," అంది.

"నేను ఆడ మొక్కుకుంటాంటే నువ్వు ఈడ నా పని ఊడదీస్తాంటివా."

అడిగినట్టు అనలేదు ఆ మాట. తనకు తాను చదివి వినిపించుకున్నట్టు అంది. లేచి, కొక్కేనికి తగిలించిన బురఖా తీసుకుని తొడుక్కుంది. వీధి దాటడానికి ఆమె ఎప్పుడూ బురఖా వేసుకునేది కాదు, ఎదురిల్లే కదా అని కొంగు కప్పుకుని వచ్చేసేది. ఆరోజు గుండీలన్నీ పెట్టుకుని, దూరపు చుట్టం ఇంటి నుంచి వెళ్తున్నట్టు వెళ్లింది.

ఏం జరిగిందో తెలియాలంటే ఈ పని ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. జమ్మలమడుగులో మగ్గం అంటే ఎవరికైనా చేనేత మగ్గమే గుర్తొస్తుంది. ఈ పూసల పనికి వాడే మగ్గం అది కాదు, నాలుగు కట్టెల చట్రం. దానికి గుడ్డను డప్పు చర్మంలా బిగదీసి కడతారు. కొసన కొక్కెం ఉన్న సన్న సూది కుడిచేత్తో పైన పట్టుకుంటారు. దారం గుడ్డ కింద ఎడమచేతిలో ఉంటుంది. సూదికి పూసలెక్కించుకుని గుడ్డలో గుచ్చి, కింది దారాన్ని కొక్కెంతో పైకి లాగి పూసను బిగిస్తారు. ఒక కుట్టు మెడలో ఇంకో కుట్టు, దాని మెడలో మరొకటి. ఎరువుల మూట మూతి కుట్టు ఎలా ఉంటుందో అలాంటిదే ఇదీ. సరైన కొస దొరికి లాగితే వరస మొత్తం ఊడి వచ్చేస్తుంది. అందుకే ప్రతి వరస చివరా గుడ్డ వెనక ముడి వేస్తారు. ముడి వేశాక దారాన్ని కత్తిరిస్తారు. ఆపా ఆ దారాన్ని వేలిగోరంత పొడుగు వదిలేది. కురచగా కత్తిరిస్తే ముడి జారుతుందని వాళ్ల నాయన చెప్పాడట. ఆయన ప్రొద్దుటూరులో ఇదే పని చేసేవాడు. అక్కకు ఆ ఓపిక లేదు. వెనక ఎవరు చూస్తారని ముడి మొదట్లోనే కత్తిరించేది. ఆ తోకల గురించి ఇద్దరూ ఎన్నిసార్లు వాదులాడుకున్నారో.

ఆపా వాళ్ల నాయన నుంచి వచ్చిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఆ చట్రం దగ్గర అదే అన్నిటికంటే పెద్దది. కుట్టిన చెయ్యే ఊడదీయాలి. ఒకరి పనిలో తప్పుంటే చూపించొచ్చు, తిట్టొచ్చు, నవ్వొచ్చు. ఊడదీయడం మాత్రం కుట్టినవాళ్లే చెయ్యాలి, అందరూ చూస్తుండగా. ఇంకొకరి దారం కొస పట్టుకుని లాగడమంటే వాళ్ల విస్తరిలో చెయ్యి పెట్టినట్టే.

పెండ్లయి జమ్మలమడుగు వచ్చిన కొత్తలో అక్క పని నేర్చుకుంటున్నప్పుడు నేను ఆ ఊళ్లోనే విలేకరిగా ఉన్నాను. సాయంత్రం వార్తలు పంపి వాళ్లింటికి భోజనానికి పోయేవాణ్ణి. ఆపా గోటితో గుడ్డ మీద ఒక వరసను తట్టి, "ఊడదీయ్" అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుని కొస వెతికి లాగేది, పూసలు జలజలా కింద దుప్పట్లో రాలేవి. ఒకసారి అక్క తిక్కపుట్టి, నువ్వే ఊడదీయరాదా, నీకైతే చిటికెలో వస్తుంది కదా అని అరిచింది. ఆపా నవ్వి, "నేను లాగితే నీకు నా మింద కోపమొచ్చాది. నువ్వు లాగితే నీ చేతి మింద కోపమొచ్చాది. యాది మేలు?" అంది. అక్క ఆ మాట తర్వాత ఎంతోమందికి చెప్పుకుంది. తాను నేర్పిన ఆడపిల్లలకు కూడా అలాగే గోటితో తట్టి చూపించేది.

ఇద్దరికీ పేరు వచ్చింది. ప్రొద్దుటూరు బట్టల బజారులో చేతిపని అడిగిన పెండ్లివారిని కొందరు దుకాణంవాళ్లు జమ్మలమడుగు పంపేవారు. అక్క పేరు, ఆపా పేరు విడివిడిగా ఎవరూ చెప్పేవారు కాదు, "ఆ ఇద్దరాడోళ్లు" అనేవారు. మా బావది చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. షిఫ్టు దిగి ఇంటికొస్తే వరండాలో చట్రం అడ్డం. గోడవారగా పక్కకు నడుస్తూ, "ఏం బామ్మర్దీ, మీ అక్కను చేసుకున్యానా, ఈ మంచాన్ని చేసుకున్యానా?" అని నన్నడిగేవాడు. ఆపా తల ఎత్తకుండానే, "మంచమన్నా మాట ఇంటాది లేప్పా, నువ్వు పో," అనేది.

తర్వాత కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. జాకెట్ గుడ్డ ఇచ్చి టీ తాగి వచ్చేలోపు చేతుల నిండా లతలు కుట్టి ఇస్తాయి. చేతిపని అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఒకప్పుడు చట్రం ఖాళీ అయ్యే పొద్దుండేది కాదు. ఇప్పుడు పెండ్లిళ్ల కాలంలో కూడా రెండు జాకెట్ల మధ్య అక్క కందిపప్పు ఏరుకుంటూ కూర్చునే రోజులు వచ్చాయి. ఆపా భర్త కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. కూతురిని పులివెందులలో ఇచ్చారు. పని లేకపోతే పూట గడవని మనిషి కాదు ఆపా. అయినా పొద్దున్నే వచ్చి, పని లేకపోయినా చట్రానికి తన వైపున ఉన్న పీట మీద కూర్చునేది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే గోడలు చూడాలి, ఇక్కడైతే నీ మొహం చూడొచ్చు అనేదట. ఆ చోటు తప్ప ఆమెకు లోకంలో ఇంకో చోటు ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

అలాంటప్పుడు వచ్చింది చీనీ చెట్టు పని. పులివెందులలో చీనీ తోటలున్న ఒక పెద్దమనిషి పెండ్లిళ్ల హాలు కట్టించాడు. లోపలికి రాగానే ఎదురుగోడకు దేవుడి బొమ్మో జలపాతమో పెడతారు అందరూ. ఆయనకు అది ఇష్టం లేదు. తనకు కూడు పెట్టింది చీనీ చెట్టు, గోడ మీద అదే ఉండాలి, అదీ చేత్తో చేసిందే ఉండాలి అన్నాడు. ఎవరో నా పేరు చెప్తే నాకు ఫోన్ చేశాడు. నేను తీసుకొచ్చి అక్క వరండాలో కూర్చోబెట్టాను. ఆపా కాగితం మీద గీసిన బొమ్మ చూపించింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది నిమ్మచెట్టమ్మా. నిమ్మకాయకు, చీనీకాయకు తేడా తెలీని చెట్టు నా గోడ మీద ఉంటే మా ఊరోళ్లు నా మొగాన ఉమ్మేస్తారు," అన్నాడు. ఆపా ఏమీ తగ్గలేదు. "ఊరికే మాటలు చెప్తే యాడ వచ్చాదప్పా చీనీకాయ? కొమ్మ తెచ్చియ్యి," అంది. మూడోనాటికి ఆకులతో, కాయలతో నిండు కొమ్మ వచ్చింది. దాన్ని బిందెలో పెట్టి వాడేదాకా చూస్తూ బొమ్మ మళ్లీ గీసింది. చీనీకాయ పూర్తిగా పచ్చ కాదు, పూర్తిగా పసుపు కాదు, తొడిమ దగ్గర ఒక రంగు, అడుగున ఒక రంగు. అన్ని ఛాయల పూసలు జమ్మలమడుగులో దొరకవు. అక్క, ఆపా ఇద్దరూ ప్రొద్దుటూరు వచ్చి, మా ఇంట్లో అన్నం తిని, బజారంతా తిరిగి పొట్లాలు కట్టించుకుపోయారు.

ఆ బజారులోనే మొదటిసారి తేడా కనిపించిందని అక్క తర్వాత చెప్పింది. ఆపా ఒక పొట్లం పట్టుకుని ఇది లేత పచ్చ అంది. అది పసుపు. దుకాణంలో దీపాలు బాగలేవు అనుకున్నారు ఇద్దరూ.

ఇంటికొచ్చి బొమ్మను గుడ్డ మీదికి దించి పని మొదలుపెట్టాక, దీపాల మీద తోసెయ్యడానికి వీల్లేకుండా పోయింది. ఆపా కుట్టిన ఆకులో నడిమి ఈనె పక్కకు జరిగింది. కాయలో పచ్చని చోట పసుపు పూస పడింది. కుట్లు ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఆపాకు చాలాకాలంగా చక్కెర జబ్బు ఉంది. అక్క ఒకసారి, కళ్లు చూపించుకోరాదా అని మెల్లగా అడిగింది. ఆపా వెంటనే, "పని చూడు మే, కండ్లు చూడద్దు," అని కసిరింది. ఈ వీధిలో ఒకరికి చూపు తగ్గిందన్న మాట ప్రొద్దుటూరు దుకాణాలకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. చేరిందంటే ఇక వాళ్ల చేతికి గుడ్డ ఇవ్వరు. ఆపా వాళ్ల నాయనకు జరిగింది అదే. చూపు తగ్గిందన్న మాట పుట్టాక ఆయన బతికిన కాలమంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ గడిపాడట.

ఇక్కడ అక్క చేయాల్సింది ఒక్కటే. గోటితో ఆ ఆకును తట్టి "ఊడదీయ్" అనాలి. తనకు నేర్పిందే తాను చెప్పాలి. ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం ఆపా నమాజుకు ఇంటికి పోయి, అన్నం తిని, మాత్రలు వేసుకుని కాసేపు పడుకుని వచ్చేది. ఆ వేళలో అక్క చట్రం అవతలి వైపుకు పోయి, ఆపా పీట మీద కూర్చుని, ఆమె పొద్దుటి నుంచి కుట్టింది ఊడదీసి మళ్లీ కుట్టేది. రాలిన పూసలు రంగు రంగుగా ఏరి ఆపా గిన్నెల్లోనే పోసేది. ముందువైపు ఆపా చేతిలాగే ఉండాలని కుట్టు నిడివి కూడా ఆమెదే పట్టేదట. ముందువైపు అంత జాగ్రత్తపడిన మనిషి వెనకవైపు ముడి పడగానే, చేతి అలవాటు కొద్దీ దారాన్ని కురచగా కత్తిరించేసింది. ప్రతి ముడికీ అదే.

ఎందుకు చేశావని నేను అక్కను అడిగాను. ఆమె మూడు వేర్వేరు రోజుల్లో మూడు జవాబులు చెప్పింది. ఆపా మనసు కష్టపడుతుందని ఒకరోజు చెప్పింది. పని పాడైతే ఇంకో పని రాదని ఇంకోరోజు. మూడోరోజు చిరాకుగా, "పని నేర్పినోళ్ల పనిని గోటితో ఎట్ల తడతాం రా? నీకేమి, వార్త రాసి పంపిస్తే అయిపాయ," అంది. పత్రికలో ఉన్నంతకాలం ఒక మనిషి మూడు కారణాలు చెబితే రెండు అబద్ధాలని అనుకునేవాణ్ణి. అక్క చెప్పిన మూడూ నిజమేనని ఇప్పుడు అనిపిస్తుంది. మూడూ కలిపినా చేసిన పనికి సరిపోవు.

మధ్యాహ్నాలు జరిగిపోయాయి. అవతలి వైపు ఆపా సంతోషంగా ఉంది. తిరిగొచ్చి కూర్చోగానే తాను పొద్దున కుట్టిందనుకున్న ఆకును ముఖం దగ్గర పెట్టుకుని చూసేది, వేళ్లతో తడిమేది. చూపు మసకగా ఉన్నా వేళ్లకు అంతా సరిగ్గా తగిలేది. కువైట్‌లో ఉన్న భర్తకు వీడియో కాల్ చేసి ఫోన్‌ను కొమ్మ వెంబడి నడిపించి చూపించేది. ఆయన ఉర్దూలో ఏదో మెచ్చుకుంటే, దాన్ని తెలుగులో అక్కకు చెప్పేది. పదేళ్ల కిందటి చెయ్యి మళ్లీ వచ్చిందే అనేది. అక్క ఊఁ కొట్టేది.

పులివెందుల నుంచి ఆపా కూతురు ఒకరోజు వచ్చింది. తల్లి కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందని, బియ్యంలో రాళ్లు ఏరలేకపోతోందని ఎవరో చెప్పారట. ఆ రోజు నేను లేను, ఆ పిల్లే నాకు తర్వాత చెప్పింది. కంటి ఆసుపత్రికి పోదాం పదమ్మా అని వరండాలో నిలబడి పట్టుబట్టింది. ఆపా నవ్వి, కూతురు చెయ్యి పట్టుకుని చట్రం దగ్గరికి తీసుకుపోయి ఒక ఆకు మీద పెట్టింది.

"సూడు. ఈ ఆకు కుట్టిన మనిషికి కండ్లు పోయినాయంటే ఎవురన్నా నమ్ముతారా?"

కూతురు చూసింది. తల్లికి చూపు పోయిందంటే తనూ నమ్మలేదు. అంత మంచి పని. తన భయం ఊరికే అనుకుని, టీ తాగి, సాయంత్రం బస్సుకు పులివెందుల పోయింది. అంతసేపూ అక్క చట్రానికి ఇవతల కూర్చునే ఉంది. తల వంచుకుని పూసలు ఎక్కిస్తూ ఉందని ఆ పిల్ల చెప్పింది. తల ఎత్తి ఉంటే అప్పుడే ఏదో ఉందని తెలిసేదేమో అని కూడా అంది. 

గుడ్డ బోర్లా పడిన ఆ రోజు సాయంత్రం అక్క ఎదురింటి తలుపు తట్టింది. తలుపు తీశారు. కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు. అంత మర్యాద ఆ ఇంట్లో ఆమెకు ఎన్నడూ జరగలేదు. నేరుగా వంటింట్లోకి పోయి కుండమూత తీసి చూసే మనిషి, హాల్లో కుర్చీ అంచున కూర్చుని వచ్చింది. తప్పయిపోయింది ఆపా అని చెప్పిందట.  ఆ పెద్దమనిషికి గుడ్డ టయానికి అందుతుందా అని మాత్రం ఆపా అడిగింది.

అస్తరు అక్క ఒక్కతే కుట్టింది. నేనూ బావా రెండు పక్కలా పట్టుకున్నాం. బావ ఆ పూట ఒక్క హాస్యం కూడా ఆడలేదు. పొద్దున ముద్దనూరు మీదుగా పులివెందుల పోతుంటే వెనక సీటులో గుడ్డ చుట్ట తప్ప ఎవరూ లేరు. నువ్వూ రా అంటే అక్క రానంది.

హాలు పెద్దమనిషి తెరను విప్పించి గోడకు ఎత్తించాడు. కొంచెం దూరం జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది చీనీ చెట్టంటే," అన్నాడు పనివాళ్లతో. "సూడండి, కాయ తెంచుకుంటే చేతికి వచ్చేట్టు ల్యా?" ప్రారంభోత్సవం రోజు ఆ ఇద్దరికీ శాలువాలు కప్పాలని తెప్పించి పెట్టాడు. ఇద్దరిలో ఒక్కరూ పోలేదు. నేను పోయాను. ఆయన రెండు శాలువాలు నా చేతికిచ్చి, ఎడమ పక్క కుట్టిందెవరు, కుడి పక్క కుట్టిందెవరు అని అడిగాడు. తనకు ఎడమ పక్క ఎక్కువ నచ్చిందట. పెద్దామె ఎడమ పక్క, చిన్నామె కుడి పక్క అని చెప్పాను. అందరూ అనుకుంటున్నది అదే. జనం ఆ చెట్టు కింద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

అక్క తన శాలువా బీరువాలో పెట్టుకుంది. ఆపా తనది తీసుకుంది, విప్పలేదు. నా పక్క చూడకుండా అడిగింది.

"మీ అక్కకు శానా మంచి చెయ్యి ఉండాది. ఆ సంగతి నాకు చెప్పేదానికి ఇంత కష్టం పడాల్నా?"

వెంటనే ప్రొద్దుటూరులో కంటి డాక్టరు తెలుసా అని నన్నే అడిగింది. కూతురును రమ్మని చెప్పి ఇద్దరినీ నేనే తీసుకుపోయాను.

డాక్టరు చిన్నవాడు, ఓపికున్నవాడు. కళ్లలో మందు వేసి, చీకటిగదిలో కూర్చోబెట్టి, చాలాసేపు చూశాడు. చక్కెర వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదని చెప్పాడు. కుడి కంటికి ఇంజెక్షన్లు, లేజరు చేస్తే ఉన్న చూపు నిలబడుతుంది. ఎడమ కంటి చూపు ఇక రాదు. ఇంతకాలం ఎందుకు రాలేదమ్మా, ఏమీ తేడా తెలియలేదా అని అడిగాడు.

"మసకలుగా ఉండె సార్," అంది ఆపా. "అయితే పని బాగొస్తాండె. పని బాగొస్తాంటే కండ్లు బాగున్నట్లే అనుకుంటి."

"ఏం పని చేస్తారు?"

"పూసలు కుడతా," అంది. కొంచెం ఆగి, "కుడతాంటి," అని సరిచేసుకుంది.

కూతురు గోడ మీది బొమ్మ చూస్తూ నిలబడింది. కన్ను లోపలి భాగాల బొమ్మ అది. బయటికి వచ్చే ముందు వెనక్కు తిరిగి, నేను మొదటిసారి అడిగినప్పుడే వచ్చి ఉంటే ఎడమ కన్ను దక్కేదా సార్ అని డాక్టరును అడిగింది. ముందు పరీక్షలు ఏవైనా ఉంటే పోల్చి చూసి చెప్పొచ్చు, అవి లేవు కదా అన్నాడు ఆయన. ఆపా అప్పటికే గుమ్మం దాటి, గోడ పట్టుకుని చెప్పుల కోసం కాలితో వెతుకుతోంది.

ఇప్పుడు ఆమెకు ఇంజెక్షన్లు పడుతున్నాయి. కూతురు వచ్చి తీసుకుపోతుంది. పొద్దున పూట ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, వాళ్ల నాయనలాగే వచ్చేపోయేవాళ్లను గొంతును బట్టి పలకరిస్తుంది. అక్క బయటికి వస్తే అక్కనూ పలకరిస్తుంది. అన్నం తిన్నావా అంటుంది, బావకు షిఫ్టు ఎప్పుడని అడుగుతుంది. చట్రం సంగతి ఎత్తదు. అక్కకు మధ్యలో రెండు మూడు జాకెట్లు వచ్చాయి. తన వైపున కూర్చుని కుట్టుకుంది. గుడ్డ అవతలి సగానికి చెయ్యి అందనప్పుడు చట్రాన్నే తిప్పుకుంటోంది కానీ ఆ పీట మీద కూర్చోవడం లేదు.

డాక్టరు ఏమన్నాడని అక్క ఇంతవరకు నన్ను అడగలేదు. ఎడమ కన్ను చూపు చీనీ చెట్టు మొదలుపెట్టక ముందే పోయిందా, అక్క మధ్యాహ్నాలు ఊడదీసి కుడుతున్న రోజుల్లో పోయిందా అన్నది ఎవరికీ తెలియదు.